మెడపట్టీకి వేసిన తాళం

పదహారేళ్లుగా ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున మేము కూర్చుని ఒకటే గొడవ పడుతున్నాం. యంత్రం కొనుక్కున్నవాడు దాన్ని తనకు నచ్చినట్టు మార్చుకోవచ్చా, లేక తయారుచేసిన కంపెనీ దానికి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకోవచ్చా? కాకినాడలో వీర్రాజుగారి పాత టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద, ఎవరైనా చదివి మార్చుకోగలిగే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్లం ఇలా పోగవుతాం. మొదట్లో పాతికమందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ఐదారుగురం మిగిలాం. రానివాళ్లు ఉద్యమానికి ద్రోహం చేశారని వీర్రాజుగారు అంటారు. విసుగు పుట్టి ఇంట్లో నిద్రపోతున్నారని నేనంటాను. ఈమధ్య నాకూ ఆ నిద్రే మేలనిపిస్తోంది.

ఆ ఆదివారం నఫీసా ఒక కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. నఫీసా పాలిటెక్నిక్‌లో నా స్టూడెంటు. ఇప్పుడు మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతోంది.

"చూడండి మేడమ్, ఇందులో మన సిస్టం ఎక్కట్లేదు. కంపెనీ సంతకం లేని ప్రోగ్రాం అయితే స్విచ్చి వెయ్యగానే తన్నేస్తోంది. ఆ తనిఖీ ఆపుకునే ఆప్షను ఇదివరకు సెట్టింగుల్లో ఉండేది. ఇప్పుడది కూడా పీకేశారు."

వీర్రాజుగారికి అంత చాలు. "కొన్నది మనం, పెత్తనం వాళ్లదీనా అండి! ఎవరి తలుపు తాళంచెవి వాళ్ల దగ్గరుండాలి. ఇవాళ ల్యాప్‌టాపు, రేపు ఫ్రిజ్జు, ఎల్లుండి మన పళ్లసెట్టు!"

ఇక్కడ నేనందుకోవాలి. దొంగ ప్రోగ్రాంలు దూరకుండా ఉండాలంటే తాళం ఉండాల్సిందేనని, జనానికి తమ మంచి తమకు తెలియదని, నేను వాదించాలి. అది నా వంతు. పదహారేళ్లుగా ఎవరి వంతు వాళ్లు అప్పజెబుతూనే ఉన్నాం. ఆ రోజు మాత్రం నా వంతు వదిలేశాను. అందరూ నావైపు చూశారు.

సంచిలోంచి కాగితం తీసి చదివాను. "అన్నవాహిని వైద్య పరికరాల సంస్థ మూతపడుతున్నది. వచ్చే నెల పద్నాలుగో తేదీతో మా సర్వర్లు ఆగిపోతాయి. అప్పటినుంచి మా మెడపట్టీలు పనిచేయవు. ధరించినవారు తమ వైద్యులను సంప్రదించగలరు."

నాలుగు వాక్యాలు తిప్పితిప్పి చదివినా అంతకుమించి ఏమీ లేదు.

వీర్రాజుగారు నన్ను దెప్పడానికి అంతకన్నా మంచి రోజు రాదు. ఆయన దెప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎన్నాళ్లుందండి ఝాన్సీగారూ?" అన్నారు.

"ముప్పై ఆరు రోజులు."

ఆయన మంచితనం చూసి నాకు ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది.

ఆ మెడపట్టీ మా ఆయనది. త్రినాథ్ అంటే ఆర్టీసీ కాంప్లెక్సులో తెలియనివాళ్లుండరు. ఇరవై రెండేళ్లు విచారణ కౌంటర్లో కూర్చుని మాట్లాడటమే ఉద్యోగంగా చేసిన మనిషి. ఏలేశ్వరం బస్సెప్పుడని అడిగినవాడికి బస్సు టైముతోపాటు డ్రైవరు పేరు, అతని కూతురి పెళ్లి ముచ్చట కూడా చెప్పి పంపేవారు. ఐదున్నరేళ్లక్రితం ఆ కౌంటర్లోనే పక్షవాతం వచ్చింది. కాలూచెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి. మాట కాస్త ముద్దగానైనా వచ్చింది. మింగడం మాత్రం రాలేదు. గుక్కెడు నీళ్లు పోసినా ఊపిరితిత్తుల దారి పట్టేవి. నాలుగు నెలలు ముక్కులో గొట్టం పెట్టి జావ పోశాం. గొట్టంలోంచి పోసే జావకి ఉప్పు ఎందుకేస్తావని ఆయన ఒకరోజు ముద్దముద్దగా అడిగారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

అప్పుడొచ్చింది మెడపట్టీ. మెడచుట్టూ వేసుకునే మెత్తటి పట్టీలో చిన్న చిప్పు ఉంటుంది. నాలుక ముద్దను వెనక్కి నెట్టడం పసిగట్టి, గొంతు నరాలకు వరుసగా చిన్నచిన్న విద్యుత్ దెబ్బలిచ్చి మింగిస్తుంది. ఏ దెబ్బ ఎప్పుడివ్వాలో మనిషి మనిషికీ వేరు. అందుకని మొదటి ఐదు వారాలు ఆస్పత్రిలో ఎక్స్‌రే కింద కూర్చోబెట్టి, సున్నంలాంటి తెల్లటి ద్రవం తాగించి, దానికి ఆయన గొంతు నేర్పారు. తర్వాత అదే రోజూ కొంచెం కొంచెం నేర్చుకుంటూ పోయింది. ఏడాది తిరిగేసరికి మా ఆయన గుత్తివంకాయ కూరతో అన్నం తింటూ, ముద్దకీ ముద్దకీ మధ్య డిపో కబుర్లు చెప్పే స్థితికి వచ్చారు. భోజనం గంటసేపు పట్టేది. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా కబుర్లు ఆగేవి కావు. నేను కసురుకునేదాన్ని.

ఆ పట్టీ స్విచ్చి వెయ్యగానే నడిచే మొదటి ప్రోగ్రాం మా గుంపు రాసిందే. అన్నవాహినివాళ్లు అందరికీ అందుబాటులో ఉన్న మా ప్రోగ్రాం తీసుకుని వాడుకున్నారు. అందులో ఒక కంత ఉందని కనిపెట్టింది నేను. పట్టీ పక్కకి వచ్చి ఛార్జరు తగిలిస్తే చాలు, ఎవడైనా సరే తన ప్రోగ్రాం ఎక్కించి మనిషి గొంతును ఆడించొచ్చు. ఆ కంత నేనే పూడ్చాను. పూడ్చి ఊరుకోలేదు. కంపెనీ సంతకం లేనిదేదీ ఎక్కకూడదన్నాను. నెలకోసారి సర్వరు నుంచి అనుమతి రాకపోతే పట్టీ ఆగిపోవాలన్నాను. ఎవరైనా తాళం పగలగొడితే లోపల నేర్చుకున్నదంతా చెరిగిపోవాలన్నాను. మా పద్ధతిలో ఏ మార్పు చేసినా కింద 'దీనికి బాధ్యత నాది' అని రాసి పేరు పెట్టాలి. గర్వంగా పెట్టాను.

వీర్రాజుగారు ఒక షరతు చేర్చమన్నారు. మన ప్రోగ్రాం వాడుకుని యంత్రానికి తాళం వేస్తే, తాళంచెవి యంత్రం యజమానికి ఇచ్చి తీరాలని. నేను ఒప్పుకోలేదు. ఓటింగు పెట్టాం. పదకొండు, ఎనిమిది. నేను గెలిచాను. రెండేళ్లు గడిచాక నా మొగుడి మెడకి ఆ పట్టీ వచ్చింది.

"ఇందులో నేను రాసింది ఉందండీ" అని మురిసిపోతూ చెప్పాను ఆయనకి.

"అంటే నా గొంతు నీ చేతిలో ఉందన్నమాట" అన్నారు ముద్దముద్దగా. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఉన్నదేగా, కొత్తేముంది!"

ఉత్తరం వచ్చిన వారం నుంచి నఫీసా షాపు వెనకగది మా ప్రయోగశాల అయింది. సామర్లకోటలో ఒక పెద్దాయన పోతే, ఆయన కూతురు ఆ మెడపట్టీ తెచ్చి మా చేతిలో పెట్టింది. "మీకు పనికొస్తే చాలండి" అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. పాడైనా ఫర్వాలేదని ముందు దానిమీద చేశాం.

నేను వేసిన తాళానికి నాకు తెలిసిన దారి లేదు. ఉన్న ఒక్క దారినీ నేనే పూడ్చేశాను గదా. నఫీసా మొరటు దారి పట్టింది. చిప్పు సంతకాన్ని సరిచూసుకునే క్షణంలో దానికి వెళ్లే కరెంటును రెప్పపాటులో వెయ్యో వంతు సేపు తగ్గిస్తే, అది తబ్బిబ్బై, సరిచూసుకోవడం మర్చిపోయి సరే అనేస్తుంది. ఆ క్షణం ఎక్కడుందో వెతకాలి. కాలేజీ నుంచి సరాసరి షాపుకి వెళ్లి, ఆ పిల్ల పక్కన కూర్చుని అంకెలు చదివేదాన్ని. బయట కస్టమర్లు పగిలిన అద్దాల ఫోన్లు పట్టుకుని అరుస్తుంటే, మధ్యలో లేచివెళ్లి వాళ్ల పని చూసి మళ్లీ వచ్చేది. ఆరో రోజు సాయంత్రం పట్టీమీద పచ్చ దీపం వెలిగింది. తాళం ఊడింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. తర్వాత లోపల ఏముందో చూశాం. ఏమీ లేదు. పెద్దాయన గొంతు గురించి పట్టీ నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది.

"ఈ చెరిపేసేది కూడా మీరే రాశారా మేడమ్?"

"నేనే."

"బాగా రాశారు మేడమ్. ఎక్కడా సందు లేదు."

వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకుంది.

అంటే మా ఆయన పట్టీకి తాళం తీస్తే ఐదేళ్ల అలవాటు పోతుంది. మళ్లీ నేర్పాలంటే ఎక్స్‌రే కావాలి, నేర్పేవాళ్లు కావాలి. ఆస్పత్రికి వెళ్లి అడిగాను. కంపెనీయే లేనప్పుడు తామేం చెయ్యగలమని, గొట్టం మళ్లీ వేయించుకోమని, ఈసారి కడుపుకే వేస్తే ముక్కులో గోల ఉండదని డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకి చెప్పాను. "గొట్టం వద్దు ఝాన్సీ. ఇంకేదైనా చెయ్యి" అన్నారు.

దారి చూపించింది మళ్లీ నఫీసానే. "డబ్బాలో ఉన్నది మనకి దొరకదు మేడమ్. డబ్బాలోంచి బయటికొచ్చేది దొరుకుద్దిగా? అంకుల్ తింటున్నప్పుడు ఆ పట్టీ ఏ దెబ్బ ఎప్పుడు కొడుతోందో మెడమీద తీగలు అతికించి రాసుకుందాం. రాసుకున్నదే సామర్లకోట పట్టీకి నేర్పేద్దాం."

ఇంకా ఇరవై ఐదు రోజులున్నాయి. ఆ రోజే మొదలుపెట్టాం.

భోజనాల బల్లమీద కంచం పక్కన ల్యాప్‌టాపు చేరింది. ఆయన మెడకి నాలుగు తీగలు. నా చేతిలో పట్టిక. చెంచా నీళ్లు ఇరవైసార్లు, జావ ఇరవైసార్లు, మెత్తటి పెరుగన్నం, ముద్దపప్పు, ఇడ్లీ, పులుసు. ఆయనకేమో కంచం ముందు కూర్చుంటే నోరూరుకోదు.

"ఝాన్సీ, ఓసారి తుని బస్సులో మేకపిల్లకి టిక్కెట్టు..."

"మాట్లాడకండి! మాట్లాడితే గొంతు కండరాలు కదిలి రికార్డింగంతా గీతలు పడుతోంది."

మూడు రోజులు ఇదే వరస. ఆయన ఏదో మొదలుపెట్టడం, నేను కసరడం. మూడు రోజుల ఫైళ్లు తెరిచి చూస్తే పిచ్చిగీతలు. ఏది మింగడమో ఏది మాటో తెలియలేదు. చెడిపోయినవని మూడు రోజులవీ చెరిపేశాను. ఏదైనా చెరిపేముందు నకలు తీసిపెట్టుకోమని ఇరవై ఏళ్లుగా పిల్లలకి పాఠం చెబుతున్నదాన్ని. చెత్తకి నకలెందుకు అనుకున్నాను.

"ఇది భోజనమా, డిపార్ట్‌మెంటు పరీక్షా?" అన్నారు ఐదో రోజు.

"పరీక్షే అనుకోండి. పాసైతే జన్మంతా తినొచ్చు."

పన్నెండో రోజుకి ఆయనే మాట్లాడటం మానేశారు. నేను చెంచా ఎత్తితే నోరు తెరిచేవారు, మింగేవారు, మళ్లీ తెరిచేవారు. రుచెలా ఉందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ల్యాప్‌టాపులో గీతలు ముత్యాల్లా వస్తున్నాయి. నాకు హాయిగా అనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగా హాయిగా అనిపించింది.

గడువుకి పది రోజుల ముందు సామర్లకోట పట్టీలోకి ఆ లెక్కలెక్కించి, ఆయన మెడకి కట్టాం. గొంతులో అడ్డుపడింది లాగేసే యంత్రం పక్కన పెట్టుకున్నాం. చెంచా నీళ్లు దిగాయి. జావ దిగింది. పెరుగన్నం దిగింది. నఫీసా చప్పట్లు కొట్టింది. పాత పట్టీ ఆగేదాకా రికార్డింగు మాత్రం కొనసాగించాం.

"ఆ పెద్దాయన పేరేంటో కనుక్కో" అన్నారు మా ఆయన పట్టీ తడుముకుంటూ. "రోజూ తలుచుకుని తింటా."

మిగిలిన ప్రశ్న ఇది. ఆ పట్టీలు వేసుకున్నవాళ్లు ఇంకా పదమూడు వందలమంది ఉన్నారు. వాళ్ల సంగతేమిటి? వీర్రాజుగారి మేడమీద మళ్లీ కూర్చున్నాం.

"మొత్తం రాసి బయట పెట్టెయ్యండి" అన్నారాయన.

"తాళం పగలగొట్టే విధానం లోకానికి నేర్పుతామాండీ? ఏ దుర్మార్గుడో చదివి ఎవరి గొంతో నొక్కితే?"

"దుర్మార్గుడు ఎప్పుడొస్తాడో ఏవోనండి. పద్నాలుగో తారీకు మాత్రం వచ్చేస్తోంది."

ఇక వాదించే ఓపిక లేదు. రెండు రోజులు కూర్చుని విధానమంతా మొదటినుంచి చివరిదాకా రాశాను. ఏ తీగ ఎక్కడ అతికించాలో, ఏ పదార్థం ఎన్నిసార్లు పెట్టాలో, రికార్డింగు అయ్యాక ఎవరి పట్టీకి వాళ్లు తాళం ఎలా తియ్యాలో. ఏడో సూచనగా ఇలా రాశాను: 'రికార్డు చేసేటప్పుడు రోగిని మాట్లాడనివ్వకండి. గదిలో నిశ్శబ్దం పాటించండి.' అడుగున బాధ్యత నాదని రాసి పేరు పెట్టాను. జనం ఎగబడి చదివారు. కృతజ్ఞతలు చెబుతూ ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలొచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత ఆ వారం కంటినిండా నిద్రపోయాను.

పద్నాలుగో తేదీ ఉదయం పాత పట్టీమీద ఎర్రదీపం వెలిగి ఆరిపోయింది. మర్నాడు నఫీసానీ వీర్రాజుగారినీ భోజనానికి పిలిచాను. పట్టికలు, తీగలు అన్నీ తీసేసి, గుత్తివంకాయ కూర చేశాను. నెల తర్వాత అదే మొదటి మామూలు భోజనం. మా ఆయన మొహం వెలిగిపోతోంది. మనుషుల కోసం మొహం వాచి ఉన్నారు.

"వీర్రాజుగారూ, తుని బస్సులో మేకపిల్ల సంగతి మా ఆవిడ చెప్పనివ్వలేదు. వినండి. కండక్టరేమో..." అంటూ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "...సగం టిక్కెట్టు కొట్టాలంటాడు, ఆ ముసలమ్మేమో..."

పొలమారింది.

మామూలుగా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతాం. నేనూ అలాగే చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. నఫీసా లాగే యంత్రం తెచ్చింది, వీర్రాజుగారు ఆయన్ని ముందుకి వంచి వీపుమీద చరిచారు. ముద్ద బయటపడింది. ఊపిరితిత్తుల్లోకి పోయింది మాత్రం పోయింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో, అందులో మూడు రోజులు ఉంటారో పోతారో తెలియకుండా.

ఆ తొమ్మిది రోజులూ ఆయన మంచం పక్కన ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని రికార్డింగులన్నీ మళ్లీ చూశాను. వెతకడానికేమీ లేదు. ఇరవై రెండు రోజుల రికార్డింగులో మాట్లాడుతూ మింగిన ముద్ద ఒక్కటీ లేదు. పాత పట్టీ ఐదేళ్లపాటు ఆయన కబుర్ల మధ్యలో కూర్చుని నేర్చుకుంది. మాటకోసం ఊపిరి వదులుతుంటే ఆగాలి, నవ్వు వస్తుంటే ఇంకాస్త ఆగాలి, మాట తెగగానే మింగించాలి. కొత్తదానికి మేము మౌనంగా తినే మనిషిని మాత్రమే నేర్పాం. ఆ పిచ్చిగీతలే అసలు సంగతి. వాటిని చెత్తని చెరిపేసింది నేను.

డిశ్చార్జి రోజున పార్వతీపురం నుంచి ఉత్తరం వచ్చింది. రాసినామె పేరు ప్రమీల. 'మేడమ్‌గారికి నమస్కారాలు. మీరు రాసినట్టే తు.చ. తప్పకుండా చేశాం. అమ్మ తింటోంది, మీ పుణ్యమే. కానీ మాట్లాడితే పొలమారుతోంది. పిల్లలు పలకరిస్తారని భయపడి, ఒక్కర్తే గోడవైపు తిరిగి కూర్చుని తింటోంది. మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?'

ఇలాంటివి పదిహేడు ఉత్తరాలొచ్చాయి. అన్నింటికీ ఒకటే జవాబు రాశాను. పొరపాటు మీది కాదు, నాది. ఏడో సూచన తప్పు.

మళ్లీ రికార్డు చేద్దామంటే పాత పట్టీలు చచ్చిపోయాయి. మిగిలిన దారి ఒక్కటే. కొత్త పట్టీకి కూడా నేర్చుకునే శక్తి ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే దాన్ని నేను ఆపేశాను. నేర్చుకుంటూ నేర్చుకుంటూ తప్పుగా నేర్చుకుంటే? అందుకని సురక్షితమైన లెక్కల దగ్గర బిగించి, పాస్‌వర్డు పెట్టాను. పాస్‌వర్డు నాకొక్కదానికే తెలుసు.

ఆయన నెల రోజులు అలా తిన్నారు. కంచం ముందు పెడితే తలవంచుకుని మౌనంగా తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. పన్నెండు నిమిషాలు. గంటసేపు కూర్చుంటారని విసుక్కున్నదాన్ని, ఇప్పుడు ఎదురుగా కూర్చుని గడియారం చూసుకునేదాన్ని. నేను కూడా నోరెత్తేదాన్ని కాదు, ఎక్కడ జవాబు చెబుతారోనని. వంటింట్లో గిన్నె కిందపడినా ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం.

నిన్న మధ్యాహ్నం ఆయన కంచం పక్కకి జరిపారు.

"తాళం తియ్యి ఝాన్సీ."

"ఏ తాళం?"

"నాకు తెలీదనుకోకు. నఫీసా చెప్పింది. ఇది నేర్చుకోగలదంట, నువ్వే ఆపావంట."

"నేర్చుకోవాలంటే తప్పులు జరుగుతాయండీ. ఒక్క తప్పు జరిగితే ఏమైందో చూశారుగా. మళ్లీ అలా అయితే డాక్టరు కూడా ఏం చెయ్యలేనన్నారు."

"చూశా."

"మరి?"

"ఈ పట్టీ ఎవరిది?"

నేను కంచం మళ్లీ ఆయన ముందుకి జరిపాను.

"నాది కదా. నా మెడకే ఉంది. పీక నాది, ప్రాణం నాది. మరి తాళంచెవి నీ దగ్గరెందుకుంది? ఆ మూసేసిన కంపెనీవాళ్లని నువ్వూ మీ వీర్రాజూ కలిసి తిట్టని తిట్టు లేదు. వాళ్లకీ నీకూ తేడా ఏంటి?"

"వాళ్లకి మీరెవరో తెలీదు. నాకు భయం" అన్నాను. ఏడుపొచ్చేసింది. "నాకు మీరు కావాలండీ. మాట్లాడకపోయినా ఫర్వాలేదు."

"నాకు ఫర్వా ఉంది" అన్నారాయన. కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నారు. "రోజుకి మూడుసార్లు జైలు కూడు తిన్నట్టుంది. ఇలాగైతే ఆ గొట్టమే నయం. గొట్టంతో అయినా నోరు ఖాళీగా ఉండేది, నీతో నాలుగు మాటలు చెప్పేవాణ్ణి."

లేచి ల్యాప్‌టాపు తెచ్చాను. పాస్‌వర్డు కొట్టి, బిగించిందంతా విప్పాను. కొత్త పాస్‌వర్డు అడిగింది. ల్యాప్‌టాపు ఆయనవైపు తిప్పి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఒంటి వేలుతో ఆయన ఏదో కొట్టారు. చాలా పొడుగైనదే కొట్టారు. ఏమిటని నేను అడగలేదు.

ఇవాళ పొద్దున జావ చేశాను. అన్నిటికన్నా తేలిగ్గా దిగేది అదే. లాగే యంత్రం గొట్టం నా కుడిచేతిలో ఉంది. స్విచ్చిమీద బొటనవేలు. నఫీసా పక్కగదిలో స్క్రీను ముందు కూర్చుంది. పార్వతీపురంలో ప్రమీల ఫోను పట్టుకుని ఎదురుచూస్తోంది, ఇక్కడ ఏమవుతుందో చూసి వాళ్లమ్మకి మొదలుపెట్టాలని.

ఆయన పావు చెంచా జావ నోట్లో పెట్టుకున్నారు. "మా నాన్న..." అన్నారు. ఆగారు. పట్టీ తటపటాయించింది. గొంతు ఒకసారి పైకి కదిలి కిందికి దిగింది. దగ్గు వచ్చింది. చిన్న దగ్గు. నా వేలు స్విచ్చిని నొక్కబోయింది. ఆయన చెయ్యెత్తి వద్దన్నారు. కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా ఊపిరి కూడదీసుకున్నారు.

"మా నాన్న నీకెప్పుడూ చెప్పొద్దన్న సంగతొకటుంది" అన్నారు. "మన పెళ్లిచూపులకి వచ్చిన రోజు, మీ ఇంటికి ముందు వేరే ఇంటికి వెళ్లాం."

ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మాట నేను వినలేదు. ఆయన రెండో చెంచా ముంచారు. నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆయన కూడా ఊరుకుంటారు, ఈ పూటకి గండం గడుస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. చెంచా నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన నావైపే చూస్తున్నారు.

"ఎవరింటికి?" అని అడిగాను.